స్కూల్లో ఐక్యూ రిపోర్ట్ ఇచ్చారా? ముందు ఇవి అడగండి

మీ బాబు ఐక్యూ 88 అని స్కూల్ నుంచి కాగితం వస్తే టెన్షన్ పడకండి. ఏ టెస్ట్, ఏ భాషలో, ఎవరు పెట్టారో ముందు అడగండి. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లాడిని ఇంగ్లిష్ పదాలకు అర్థాలు అడిగితే కొలిచేది తెలివిని కాదు, ఇంగ్లిష్‌ని. సగటు 100, మూడింట రెండొంతుల మంది 85–115 మధ్యే ఉంటారు, పైగా ఇంకో రోజు పెడితే నాలుగైదు పాయింట్లు అటూఇటూ అవుతాయి, జ్వరం నుంచి లేచిన పిల్లాడైతే ఇక చెప్పక్కర్లేదు. విభాగాలవారీ మార్కులు కూడా తీసుకోండి. అన్నీ బాగుండి ఒక్క జ్ఞాపకశక్తి దగ్గరే పడిపోతే, మొత్తం అంకె ఆ సంగతి దాచేస్తుంది. 1905లో ప్యారిస్‌లో బినే అనే సైకాలజిస్ట్ ఇలాంటి తొలి పరీక్ష తయారుచేసిందే సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి (మన స్కూళ్లకి ఈ ముక్క ఎవరు చెప్తారో!). ఆ ఒక్క అంకె చూసి సెక్షన్ మారుస్తామంటే ఒప్పుకోకండి, వాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏం సాయం చేస్తారో రాసి ఇమ్మనండి.