టెక్నికల్ సపోర్టును బయటికి అప్పగించడం – 3వ పాఠం: ఎస్‌ఎల్‌ఏలో గడియారం

పోయిన పాఠంలో ఆరు నెలల టికెట్లను, అంటే యూజర్ల ఫిర్యాదుల నమోదులను, స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకున్నారు కదా, అది పక్కన తెరిచి ఉంచుకోండి. కాంట్రాక్టరు ఎంత సమయంలో స్పందించాలి, ఎంత సమయంలో పరిష్కరించాలి అన్నది ఎస్‌ఎల్‌ఏలో, అంటే సేవా స్థాయి ఒప్పందంలో, ఎలా రాయాలో ఈసారి చూద్దాం. అంకెలు వేయడం తేలికే. ఆ అంకెను కొలిచే గడియారం ఎప్పుడు తిరుగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నది రాయకపోతే మాత్రం ఆ అంకెకు విలువ లేదు.

ఒక టికెట్‌ను దగ్గరగా చూడండి. ఉదయం 9:10కి బిల్లింగ్ స్క్రీన్ తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. 9:22కి "మీ సమస్య అందింది, చూస్తున్నాం" అని జవాబు వెళ్లింది. 10:05కి "స్క్రీన్‌షాట్ పంపండి" అని అడిగి టికెట్‌ను పెండింగ్‌లో పెట్టారు. పనుల ఒత్తిడిలో ఉన్న యూజర్ 1:40కి పంపాడు. దాన్ని 2:30 దాకా ఎవరూ చూడలేదు. అప్పుడు పెండింగ్ తీసి, ఎల్2కి (రెండో స్థాయి సపోర్టు టీముకు) పంపి, 3:15కి సరిచేశారు.

బిల్లింగ్ ఆగింది 6 గంటల 5 నిమిషాలు. ఒప్పందం లెక్కలో? పెండింగ్‌లో ఉన్నంతసేపూ గడియారం ఆగింది కాబట్టి మొదట 55 నిమిషాలు, చివర 45 నిమిషాలు, మొత్తం గంటా 40 నిమిషాలు. లక్ష్యం 4 గంటలైతే నెల రిపోర్టులో ఈ టికెట్ పచ్చగా కనిపిస్తుంది. ఇలాంటి రిపోర్టును ఈ రంగంలో పుచ్చకాయ అంటారు: పైన పచ్చ, కోస్తే ఎరుపు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నిబంధనే అలా రాసుకున్నారు.

కాబట్టి నిబంధనను ఇలా మార్చాలి. ఆటోమేటిక్ జవాబును, "చూస్తున్నాం" అనే మాటను స్పందనగా లెక్కించకూడదు. ఒక మనిషి టికెట్ చదివి, తర్వాత ఏం చేయబోతున్నాడో రాస్తేనే అది స్పందన. యూజర్ నుంచి సమాచారం రావాల్సినప్పుడు మాత్రమే పెండింగ్ పెట్టాలి. కాంట్రాక్టరు లోపలి టీముల మధ్య టికెట్ తిరుగుతుంటే గడియారం ఆగకూడదు. యూజర్ జవాబు వచ్చిన క్షణాన టూలే పెండింగ్‌ను తీసేయాలి. పై ఉదాహరణలో ఈ ఒక్క మార్పుతోనే ఆ కనపడని 50 నిమిషాలు లెక్కలోకి వస్తాయి. ఇక స్క్రీన్‌షాట్, ఎర్రర్ నంబరు, ఏ కంప్యూటర్ అన్న వివరాలను టికెట్ తెరిచే ఫారంలోనే అడిగితే చాలా టికెట్లకు పెండింగ్ అవసరమే పడదు. ఆ ఫారం తయారుచేయడం మీ పని, కాంట్రాక్టరుది కాదు.

మూసేసిన టికెట్ 5 పనిదినాల్లోపు మళ్లీ తెరుచుకుంటే అదే నంబరుతో, పాత సమయంతో కలిపి లెక్కపెట్టాలని రాయండి. లేకపోతే తొందరగా మూసేయడమే లాభసాటి అవుతుంది.

సగటును లక్ష్యంగా పెట్టకండి. 9 టికెట్లు ఒక్కో గంటలో, పదోది 40 గంటల్లో పూర్తయితే సగటు 4.9 గంటలు. లక్ష్యం 5 గంటలైతే కాంట్రాక్టరు నెగ్గినట్టే, కానీ 40 గంటలు ఎదురుచూసిన మనిషికి ఆ సగటు దేనికి పనికొస్తుంది? "పీ2 (రెండో ప్రాధాన్యం) టికెట్లలో 90 శాతం 8 పని గంటల్లో పూర్తి కావాలి, మిగిలినవాటిలో ఏదీ 3 పనిదినాలు దాటకూడదు" అని రెండు భాగాలుగా రాయండి. అన్నిటికన్నా అర్జెంటైన పీ1కి (మొదటి ప్రాధాన్యం) శాతం కూడా కుదరదు. నెలకు నాలుగే వస్తే ఒక్కటి తప్పినా 75 శాతానికి పడిపోతుంది. అక్కడ మూడు నెలలకు ఎన్ని తప్పులను సహించగలరో సంఖ్యగా రాయండి.

ఏది పీ1, ఏది పీ2 అన్నది ఎంతమందికి పని ఆగింది, వేరే దారి ఉందా అన్న రెండు ప్రశ్నలతో తేల్చండి. మిమ్మల్ని అడగకుండా కాంట్రాక్టరు స్థాయి తగ్గించకూడదు. మీవాళ్లు కూడా ప్రతిదాన్నీ పీ1 అనకుండా చూసుకోవాలి. అన్నీ అర్జెంటే అయితే నిజంగా అర్జెంటైనది వెనకపడుతుంది.

ఇంజినీరింగ్ పనికి, అంటే ఎల్3లో (మూడో స్థాయిలో) కోడ్ మార్చాల్సిన లోపాలకు, ఈ గడియారాన్ని యథాతథంగా తగిలించకండి. మూలకారణం దొరకడానికి ఎంతసేపు పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. గంటల్లో కట్టేస్తే అతుకులు వేసి పంపిస్తారు, ఆ లోపమే ఆరు వారాలకు ఇంకోచోట తేలుతుంది. తాత్కాలికంగా పని నడిచే దారి చూపడానికి గడువు పెట్టండి, మూలకారణం నివేదికకు రోజుల్లో వేరే గడువు పెట్టండి. అసలు సవరణ ఏ విడుదలలో వస్తుందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

లక్ష్యాలు రాశాక, కాంట్రాక్టరు చెప్పిన మనుషుల సంఖ్యతో అవి సాధ్యమో కాదో మీరే లెక్కవేయండి. నెలకు 600 టికెట్లు, ఒక్కోదానికి 40 నిమిషాల చేతిపని అనుకుంటే 400 గంటలు. ఒక మనిషికి నెలకు 160 గంటలు. సెలవులు, శిక్షణ, విరామాలు, మీటింగులకు 30 శాతం తీసేస్తే మిగిలేది 112. టికెట్లు వరుసలో ఒకదాని వెనక ఒకటి రావు, గుంపుగా వస్తాయి. అందుకని ఆ 112లో 85 శాతమే నింపాలి, అంటే సుమారు 95 గంటలు. 400ను 95తో భాగిస్తే 4.2. ఐదుగురు కావాలి.

ఇది పగటి పని లెక్క. రాత్రింబవళ్లు ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా ఉండాలంటే వారానికి 168 గంటలు. వారానికి 40 గంటల మనిషి నిజంగా కుర్చీలో ఉండేది 28 గంటలే కాబట్టి ఆ ఒక్క కుర్చీకే ఆరుగురు కావాలి. నలుగురితో 24 గంటల సపోర్టు ఇస్తామని ప్రతిపాదన వస్తే, రాత్రి 2 గంటలకు ఎవరు కూర్చుంటారో, ఆ మనిషి ఇంకెన్ని క్లయింట్ల పని చూస్తాడో అడగండి. పంచుకునే టీమ్ అయితే తప్పు కాదు, కానీ అది ఒప్పందంలో ఉండాలి.

అభ్యాసం: మీ స్ప్రెడ్‌షీట్‌లోంచి పీ1, పీ2 టికెట్లు 50 తీసుకోండి. ప్రతిదానికి మూడు నిలువు వరుసలు చేర్చండి: తెరిచినప్పటి నుంచి మూసేదాకా మొత్తం సమయం, పెండింగ్‌లో గడిచిన సమయం, యూజర్ జవాబిచ్చాక కూడా పెండింగ్‌లోనే ఉండిపోయిన సమయం. మూడో వరుస ఎక్కువగా ఉన్న పది టికెట్లను తీసి, ఒక్కోదాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఎక్కడ ఆగిందో పక్కన రాసుకోండి. పని అప్పగింత గురించిన 4వ పాఠం ఆ పది టికెట్లతోనే మొదలవుతుంది.