ట్యూన్ చేసిన టర్బో కారు బూస్ట్‌లో ఉన్నట్టుండి కట్ అవుతుంటే

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే అదనపు గాలి పీడనం) ఎక్కగానే స్విచ్ ఆపినట్టు పికప్ తెగిపోతుంది; కాలు తీస్తే మళ్ళీ మామూలే. స్పార్క్ ప్లగ్గులో, ఫ్యూయల్ పంపో మార్చేసే ముందు డైనో (కారును ఉన్నచోటే నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద ఒక లాగ్ (సెన్సర్ రీడింగుల రికార్డు) తీయండి: ఆర్‌పీఎం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ల్యాంబ్డా (గాలి-పెట్రోల్ పాళ్ళు; అంకె పెరిగితే పెట్రోల్ తగ్గినట్టు), ఫ్యూయల్ ప్రెషర్, ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ ఎంత శాతం సమయం తెరిచి ఉందో). కట్ అయిన ఆ క్షణంలో ఏ గీత ముందు కదిలిందో అదే చూడాలి.

బూస్ట్ లక్ష్యం దాటి పోయింది, ఫాల్ట్ కోడ్ పి0234

ఇది ఓవర్‌బూస్ట్. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కావాలనే పవర్ కట్ చేస్తోంది. ముందు వేస్ట్‌గేట్ (టర్బోకి ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకి వదిలే తలుపు) యాక్చుయేటర్‌కి, అంటే దాన్ని తెరిచే భాగానికి, వెళ్ళే సన్న హోస్ చూడండి. అది ఊడినా చీలినా వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్‌కి అదుపుండదు. హోస్ బాగుంటే బూస్ట్ సోలెనాయిడ్ (యాక్చుయేటర్‌కి వెళ్ళే గాలిని అదుపు చేసే ఎలక్ట్రిక్ వాల్వ్) చూడండి. కొత్తగా ఫ్రీ ఫ్లో డౌన్‌పైప్ (టర్బో వెనక ఎగ్జాస్ట్ పైపు) వేసి పాత మ్యాప్‌తోనే (ఈసీయూలోని ట్యూనింగ్ సెట్టింగులు) నడుపుతుంటే ట్యూనర్ చేత వేస్ట్‌గేట్ డ్యూటీ (సోలెనాయిడ్‌కి ఈసీయూ ఇచ్చే శాతం) తగ్గించాలి.

బూస్ట్ గీత పైన బల్లపరుపుగా ఉంటే సెన్సర్ హద్దు దాటినట్టే. 2.5 బార్ మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ పీడనం కొలిచేది, పైన చెప్పిన మ్యాప్ వేరు) బయటి గాలి పీడనంతో (సుమారు 1 బార్) కలిపి కొలుస్తుంది కాబట్టి 1.5 బార్ బూస్ట్ దాకే చూడగలదు. కట్ రాకుండా లిమిట్ పెంచేసే ట్యూనర్లుంటారు. పిస్టన్లు కరిగేది అలాగే.

బూస్ట్ సరిగ్గానే ఉంది, టపటపమంటూ తడబడుతోంది

ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ గ్యాప్ దాటడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజి కావాలి. ఫీలర్ గేజ్‌తో కొలిచి, 0.8 ఎంఎం ఉంటే 0.6 - 0.65కి తేండి. పక్క ఎలక్ట్రోడ్‌నే వంచండి, మధ్యదాన్ని తాకొద్దు. ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజి ఇచ్చేది) మీద అనుమానముంటే పక్క సిలిండర్‌కి మార్చండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట తప్పడం) దాని వెంటే వెళితే కాయిల్ పోయినట్టే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. స్పార్క్ తప్పినప్పుడు మండని ఆక్సిజన్ ఎగ్జాస్ట్‌లోకి పోయి ల్యాంబ్డా లీన్ (పెట్రోల్ తక్కువ) చూపిస్తుంది. అది నమ్మి పెట్రోల్ పెంచితే స్పార్క్ ఇంకా తడబడుతుంది.

ఫ్యూయల్ ప్రెషర్ పడి, ల్యాంబ్డా 0.80 నుంచి 0.90 పైకి పాకింది

ఇది నిజమైన లీన్. రెండోసారి తొక్కొద్దు. పోర్ట్ ఇంజెక్షన్‌లో (పెట్రోల్‌ను ఇన్‌టేక్‌లోకి చల్లే రకం), ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ హోస్ ఉంటే, బేస్ (బూస్ట్ లేనప్పటి ప్రెషర్) 3 బార్ అయినప్పుడు 1 బార్ బూస్ట్‌లో 4 బార్ రావాలి. రాకపోతే ఆ హోస్, ఫిల్టర్ చూసి, లోడ్ మీద పంపు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ కంటే వోల్టు పైగా తక్కువైతే తప్పు పంపుది కాదు. రిలే, ఎర్త్, వైరు చూడాలి. ప్రెషర్ నిలబడినా డ్యూటీ 90 శాతం దాటుతుంటే ఇంజెక్టర్లు చాలట్లేదు. మన బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక ఇది తరచూ బయటపడుతుంది, అదే పవర్‌కి దానికి పెట్రోల్ పరిమాణం ఎక్కువ కావాలి.

కారు పరుగెడుతుండగానే లాగ్‌లో ఆర్‌పీఎం సున్నా

క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరిగే వేగం చదివేది) లేదా దాని కనెక్టర్. లోడ్‌కి ఇంజిన్ ఒరిగినప్పుడు వైరు లాగుడు పడుతుందేమో చూడండి.