వృత్తి నాటక సమాజంతో కలిసి విద్యార్థుల పద్యనాటక పర్యటన: నిర్వాహకులకు సూచనలు

కళాశాల విద్యార్థుల చేత పద్యనాటకం ఆడించి నాలుగు ఊళ్లు తిప్పాలనుకునేవారు మొదట ఏ వృత్తి నాటక సమాజంతో కలిసి పనిచేయాలో తేల్చుకోవాలి. నాటకం ఎంపిక ఆ తరువాతి మాట. సమాజం దగ్గర ఏ తెరలున్నాయి, ఏ దుస్తులున్నాయి, ఏ పాత్రల్లో ఆరితేరిన నటులున్నారు అన్నదాన్ని బట్టే మీరు ఏ నాటకం ఆడగలరో తేలుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ఆరంభించిన సంప్రదాయానికి చెందిన సురభి సమాజాలు ఇందుకు ఎంతో అనువైనవి. కుటుంబాలు కుటుంబాలుగా ఊరూరా తిరిగి నిలబెట్టుకున్న రంగస్థలం వారిది కనుక, అక్కడ వేషం కట్టిన మనిషే తెర లాగుతాడు, అవసరమైతే కిరీటానికి అతుకూ వేస్తాడు. విద్యార్థులు వారి దగ్గర అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. ప్రదర్శనకు ఎంత, రిహార్సళ్లకు ఎంత, బయానా ఎంత, ప్రయాణం, భోజనం, బస ఎవరు చూసుకోవాలి, ప్రదర్శన రద్దయితే ఏమి చెల్లించాలి అన్నవన్నీ రాసుకోండి. శివరాత్రి, శ్రీరామనవమి, దసరా రోజుల్లో సమాజాల వారికి తీరిక దొరకడం కష్టం. విద్యార్థులకు సెమిస్టర్ పరీక్షలుంటాయి. ఈ రెండూ చూసుకున్నాకే హాలు బుక్ చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి తల్లిదండ్రుల నుంచి అనుమతి పత్రాలు తీసుకోవడం మరువరాదు.

విద్యార్థులను భటులుగానూ చెలికత్తెలుగానూ నిలబెట్టి పద్యాలన్నీ సమాజం వారికే వదిలేస్తే అది విద్యార్థుల నాటకం అనిపించుకోదు. అలాగని కృష్ణ పాత్రనంతటినీ ఒక్క విద్యార్థి గొంతు మీద మోపడమూ న్యాయం కాదు. పేరున్న నటులను ఒక్కో ప్రదర్శనకు కుదుర్చుకుని ఆడే కంట్రాక్టు నాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రను రంగాల వారీగా పంచే అలవాటు మనకు ఉండనే ఉంది. దాన్నే వాడుకుని, తేలికైన రంగాల్లో విద్యార్థిని, రాయబారం వంటి బరువైన ఘట్టంలో సమాజం నటుణ్ణి దింపండి. పర్యటన సగానికి వచ్చేసరికి ఆ బరువైన ఘట్టాన్ని కూడా ఒక ఊళ్లో విద్యార్థికి ఇచ్చి చూడవచ్చు.

అసలు శ్రమ పద్యం దగ్గర ఉంది. రాగం నేర్పడానికి ముందు విద్యార్థి చేత పద్యాన్ని మామూలు మాటల్లో చెప్పించాలి: ఎవరు, ఎవరితో, ఏ కోపంతో, ఏ వేడుకోలుతో అంటున్నారు? వృత్తాల్లో మాట ఒక పాదం చివర మొదలై తరువాతి పాదంలో ముగియడం సర్వసాధారణం కనుక, పాదం అయిందని ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలై అర్థం చెడుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ప్రతిలో పెన్సిలుతో గీత పెట్టించండి. హార్మోనిస్టు మొదటి రిహార్సల్ నుంచే కూర్చోవాలి. రికార్డు చేసిన సంగీతంతో సాధన చేసిన పిల్లలు వేదిక మీద మనిషి వాయించే హార్మోనియంతో కలవలేక తడబడతారు. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పట్టుకునే స్వరం ఎత్తు, హార్మోనియం మెట్ల లెక్కలో దాన్ని అంకెలతో చెబుతారు. మగపిల్లలకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి, ఆడపిల్లలకు ఐదు, ఐదున్నర శ్రుతి సాధారణంగా హాయిగా ఉంటాయి. కాబట్టి కృష్ణుడూ సత్యభామా పద్యానికి పద్యం అందుకునే రంగంలో శ్రుతి ఎక్కడ మారుతుందో హార్మోనిస్టు ప్రతిలో గుర్తు ఉండాలి, పద్యం ఎత్తుకునే ముందు నటుడికి ఆధార షడ్జం, అంటే ఆ శ్రుతిలోని ‘స’, వినబడాలి. ఆలాపన ఎంతసేపన్నది దర్శకుడు ముందే నిర్ణయించాలి. చప్పట్ల కోసం రాగం సాగదీసే అలవాటు పిల్లలకు అంటకుండా చూడడం గురువుల బాధ్యత.

పద్యం మళ్లీ పాడమని ప్రేక్షకుల నుంచి ‘వన్స్‌మోర్’ కేక వచ్చినప్పుడు ఏమి చేయాలో కూడా సాధన చేయించాలి. పాడిన వారు చిరునవ్వుతో నమస్కరించబోతే పాత్ర పోతుంది. ఎదుటి నటుడు ఉన్న భంగిమలోనే నిలబడాలి, హార్మోనిస్టు శ్రుతి అందించాలి, ఏ మాట మీద పద్యం ఎత్తుకున్నారో ఆ మాట దగ్గరి నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. ప్రదర్శనకు ఎన్ని వన్స్‌మోర్లు ఒప్పుకోవాలో ముందే అనుకోండి, ఎందుకంటే సమయం చేతిలో ఉండదు. ఆరుబయట ప్రదర్శనలకు సాధారణంగా రాత్రి 10 దాటాక మైకు వాడకూడదన్నది 2000 నాటి శబ్దకాలుష్య నియమాల నిబంధన. తెల్లవార్లూ ఆడిన నాటకాన్ని రెండున్నర గంటలకు కుదించే పనిని సమాజంలోని పెద్దలతో కూర్చుని చేయాలి, ఏ పద్యం తీస్తే కథ తెగుతుందో వారికి తెలుసు.

హైదరాబాదు రవీంద్రభారతికీ, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రానికీ, ఒక పల్లెటూరి పందిరికీ వేదిక కొలతలు ఒకటి కావు. వెడల్పు, లోతు, తెర వేలాడదీసే ఎత్తు, వింగుల (వేదిక పక్కల వేలాడే తెరల) వెనుక చోటు ముందుగా కొలిపించి తెచ్చుకోండి. ఘటోత్కచుణ్ణి గాలిలోకి లేపే తీగల వంటి ట్రిక్కులను సమాజం వారి చేతులతోనే నడిపించాలి. ప్రతి ఊళ్లోనూ మనిషిని ఎత్తే ముందు, ఆ మనిషికి మించిన బరువున్న ఇసుక బస్తాను ఎత్తి చూడాలి. తీగ కట్టే దూలం గట్టిది కాదనిపిస్తే ఆ రాత్రికి ఆ ట్రిక్కు మానుకోవాలి.

నాటకం ముగిశాక విద్యార్థులు వేషం తీసి నేరుగా బస్సెక్కకూడదు, సామాను సర్దడంలో సగం పని వారిదే. రంగులు వేసిన తెరలను మడతపెడితే మడత దగ్గర రంగు పగిలి రాలుతుంది కాబట్టి గుండ్రంగా చుట్టి, పైన గుడ్డ కట్టి లారీలో అన్నిటికంటే పైన పెట్టించండి. దారిలో వాన తగిలితే తరువాతి ఊరు చేరగానే వాటిని విప్పి నీడలో ఆరబెట్టడానికి ఇద్దరు విద్యార్థులను ముందే నియమించుకోవాలి.