గంజాం ఉక్కలో సైకిల్ తొక్కడం ఎలా?

మే నెలలో ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురంలో ఐదుంబావు కల్లా సూర్యుడు వచ్చేస్తాడు. హైదరాబాదులో ఉండే మా బావమరిదికి అప్పటికి ఇంకో అరగంట చీకటి మిగిలే ఉంటుంది. "ఎండాకాలం కదా బావా, ఆరింటికల్లా సైకిలెక్కెయ్" అని ఫోన్లో సలహా ఇస్తుంటాడు. ఇక్కడ ఆరింటికి ఎక్కితే తిరిగొచ్చేసరికి వీపు మాడుతుంది.

నాకీ సంగతి మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది. కొత్త సైకిల్ మోజులో ఏడున్నరకి గోపాల్‌పూర్ బయల్దేరాను. ఎంతో దూరం కాదు, పదహారు కిలోమీటర్లు. వెళ్ళడం హాయిగా వెళ్ళాను. సముద్రం చూసి, వడలు తిని, పదింటికి వెనక్కి తిరిగితే సగం దారిలో పిక్కలు పట్టేశాయి. ఒక కల్వర్టు మీద కూలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆటో తెచ్చి, సైకిల్ని దానిపైన కట్టించి, ఇల్లు చేరేదాకా ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నాదొకటే లెక్క. ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాను. తొక్కడానికి రెండు గంటలు, టీకి అరగంట, పంచరు పడితే ఇంకో అరగంట. అంటే ఐదింటికి చక్రం కదలాలి. ఎంత దూరం వెళ్తాం, ఎవరితో వెళ్తాం అన్నవి ఆ తర్వాతి మాటలు.

ముందు ఒంటికి అలవాటు చేయండి

పడమటి ఒడిశా టిట్లాగఢ్‌లో 45 డిగ్రీలు దాటిందని పేపర్లో చూసి, మన దగ్గర 37 దాటలేదు కదా అని ధీమా పడతాం. అక్కడిది పొడి ఎండ, మనది ఉక్క. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. గాలి నిండా తేమ ఉన్న చోట అది ఆరక బొట్లు బొట్లుగా రాలిపోతుంది. నీళ్ళూ పోతాయి, చల్లదనమూ దక్కదు. అందుకని ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీల పక్కన తేమ శాతం కూడా చూసుకోండి.

మొదటి మూడు రోజులు అరగంట చాలు. అదీ పక్కవాడితో కబుర్లు చెప్పుకోగలిగేంత నెమ్మదిగా. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. నాలుగో రోజు నుంచి రోజుకో పది నిమిషాలు పెంచుకుంటూ పోండి. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె అంతగా కొట్టుకోదు. మధ్యలో ఏ పెళ్ళికో వెళ్ళి వారం పది రోజులు ఏసీ గదిలో గడిపి వచ్చారా, మళ్ళీ తగ్గించి మొదలెట్టాల్సిందే.

చైత్రంలో మొక్కుకుని దండనాట అనే ఆట ఆడే దండువాలు మిట్టమధ్యాహ్నం కాలే నేల మీద పొర్లడం మనం చూస్తూనే ఉంటాం. వాళ్ళు తట్టుకుంటున్నారుగా అని ఒకాయన నాతో వాదించాడు. వాళ్ళది మొక్కు, మనది సరదా.

సైకిల్ సంగతి

మా బస్టాండు దగ్గర పంచర్లు వేసే భాయినా ఏటా ఒకటే మాట చెప్తాడు: "ఎండలు ముదిరాయి, గాలి తగ్గించి కొట్టించుకోండి, లేకపోతే ట్యూబు పేలుద్ది." చాలా ఏళ్ళు నమ్మాను. లెక్క వేస్తే అంత భయపడాల్సింది కనబడదు. పొద్దున 60 పీఎస్ఐ కొట్టించిన టైరు, 20 డిగ్రీలు వేడెక్కినా 65 దగ్గరే ఆగుతుంది. టైరు అంచు మీద ఎంత గాలి పట్టాలో అచ్చు వేసే ఉంటుంది, ఆ హద్దు లోపల ఉంటే చాలు. మరీ తగ్గిస్తేనే చేటు. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు రెండు చిల్లులు పడతాయి.

వేసవిలో ట్యూబుల్ని నిజంగా దెబ్బతీసేవి పాత ప్యాచీలు, బీటలిచ్చిన టైర్లు. ఒకసారి గోలంథరా దగ్గర నా వెనక చక్రం ఉస్సుమంది. ట్యూబు బయటికి లాగి చూస్తే పాత ప్యాచీ ఒక మూల లేచి నాలుక చాపినట్టు వేలాడుతోంది. వేలితో అలా అంటే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కింద సొల్యూషన్ ఇంకా జిగటగానే ఉంది. అతికించినవాడు తొందరపడ్డాడన్నమాట. ఆ అతికించినవాణ్ణి నేనే.

ప్యాచీ వేయడం ఇంట్లోనే నేర్చుకోండి. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో నలుపు పోయి బూడిద రంగు తేలేదాకా రుద్దాలి. సొల్యూషన్ పల్చగా, ప్యాచీ కంటే కాస్త వెడల్పుగా పూయాలి. ఆ తర్వాత ఏమీ చేయకుండా కూర్చోవాలి. కష్టమైన పని ఇదే. ఐదు నిమిషాలు ఆగి, వేలితో తాకితే అంటుకోనంతగా ఆరాకే ప్యాచీ పెట్టి గట్టిగా నొక్కాలి. తిరిగి ఎక్కించే ముందు టైరు లోపల వేళ్ళు పెట్టి నెమ్మదిగా తడమండి. మన దారుల్లో తుమ్మముల్లు అందులోనే దాక్కుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే పది నిమిషాల్లో మళ్ళీ అదే పని. పంపు, అదనపు ట్యూబు, రెండు టైరు లీవర్లు లేకుండా ఊరు దాటకండి.

సీటు ఎత్తు చాలామంది పట్టించుకోరు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమ పెడలు మీద ఆనించి, పెడలు పూర్తిగా కిందికి వెళ్ళినప్పుడు మోకాలు నిటారుగా ఉండేలా సీటు సర్దుకోండి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఉండాల్సిన ఎత్తు అదే. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళ నొప్పులు తప్పవు.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నూలు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, త్వరగా ఆరే పల్చటి పాలిస్టర్ టీషర్టు నయం. పొడుగు చేతులు, లేత రంగు. గాలి ఆడే కంతలున్న హెల్మెట్. పురుగులు, ఇసుక కళ్ళలో పడకుండా కళ్ళజోడు. మెడకి మన గామొచ్చా, అంటే పల్చటి తువ్వాలు. తడిపి చుట్టుకుంటే దానికి సాటి వచ్చే సామాను ఏ షాపులోనూ దొరకలేదు నాకు.

నీళ్ళు, ఉప్పు

గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు, గుక్క గుక్కగా. మీకు సరిగ్గా ఎంత కావాలో తెలుసుకోవాలంటే బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు పోయినట్టు, దానికి దారిలో తాగినది కూడా కలపాలి. బరువు తగ్గిందని సంబరపడకండి, అదంతా నీరే.

గంట దాటితే ఉత్త నీళ్ళు చాలవు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంతే. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఉప్పు ఇంకాస్త పడితే బలమని ఎక్కువ వేయకండి. ప్యాకెట్టు కొనేటట్టయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నదే కొనండి. పండ్ల రసం రుచితో డబ్బాల్లో వచ్చే తీపి నీళ్ళు దానికి బదులు కావు. ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ నీళ్ళు తాగెయ్యడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. బీపీ, షుగరు, గుండె మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్ని అడిగి మొదలెట్టాలి.

దారిలో నీళ్ళకి లోటుండదు. ఇటువైపు కుండల మీద జలఛత్ర అని రాసి ఉంటుంది. సరిహద్దులోని గిరిసోలా దాటి ఆంధ్రా ఇచ్ఛాపురంలో అడుగుపెడితే అదే కుండ చలివేంద్రం అవుతుంది. రెండు చోట్లా సీసా నింపుకోనిస్తారు.

గాలి చూసి దారి ఎంచుకోండి

వేసవిలో మా తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. పొద్దెక్కే కొద్దీ జోరు పెరుగుతుంది. హైవే దాదాపు అదే వాలులో ఇచ్ఛాపురం నుంచి ఛత్రపురం వైపు సాగుతుంది. కాబట్టి పొద్దున్నే ఎదురుగాలి లేతగా ఉన్నప్పుడు ఇచ్ఛాపురం వైపు వెళ్ళి, ఇడ్లీ తిని, గాలి వీపున పెట్టుకుని రావాలి. ఛత్రపురం వైపు ముందు వెళ్తే ఎగిరినట్టే ఉంటుంది, "నేనింత బాగా తొక్కుతున్నానా" అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ గాలే ముఖం మీద కొట్టి అసలు సంగతి చెప్తుంది. హైవే మీద లారీలు ఎక్కువ. జట్టుగా వెళ్ళినా ఒకరి వెనక ఒకరే, అంచు తెల్లగీత దాటకుండా.

ఘాటీ, అంటే కొండదారి, ఎక్కాలనుంటే దిగపహండి మీదుగా తప్తపాణి, బరంపురం నుంచి 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒకే పూట పోయి రావడం వేసవిలో వద్దు. అక్కడ ఉన్నది వేడినీళ్ళ బుగ్గ. మే నెలలో దాని పక్కన కూర్చుని సేదతీరుదామనుకున్న మా జట్టు తెలివి గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి. రిమ్ము కాలిపోతుంది. పట్టి, వదిలి, పట్టి, వదిలి దిగాలి. రెండు బ్రేకులూ వాడాలి.

ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఫిబ్రవరి, మార్చిల్లో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురున్న వైపే నడుస్తాయి, సముద్రం మీది మెరుపే వాటికి దారి. చీకట్లో ఆ తీరం దగ్గరికి వెళ్తే సైకిల్ లైటు ఆర్పేసి, దిగి నడవండి.

మధ్యాహ్నం తర్వాత మబ్బు పట్టిందని చల్లగా ఉంటుందనుకుని బయల్దేరేవాళ్ళున్నారు. కాలవైశాఖి, అంటే వేసవి గాలివాన, వస్తే దుమ్ము, వడగళ్ళు, పిడుగులు. ఉరుము వినబడగానే పక్కా ఇంట్లోకో షాపులోకో దూరండి. చెట్టు కిందికి మాత్రం వద్దు.

ఎప్పుడు దిగిపోవాలి

తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, ఎండలో వణుకు. వీటిలో ఏది కనబడినా ఆ రోజుకి అంతే. నీడలోకి వెళ్ళి, హెల్మెట్ తీసి, ఒళ్ళంతా తడిపి విసురుకోండి. పక్కవాడు తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి, సరిహద్దుకి రెండువైపులా అదే నంబరు. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా నీళ్ళు పోస్తూనే ఉండాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.

రేసులు

మనవైపు సైకిల్ రేసనగానే ముందు గుర్తొచ్చేది స్లో సైకిల్ పోటీ. కాలు నేల మీద పెట్టకూడదు, గీత దాటకూడదు, అందరికంటే చివర వచ్చినవాడు గెలిచినట్టు. చూడ్డానికి పిల్లలాట. నేను దాంట్లో ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ గెలిచాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, అందులో కిటుకుంది. సీటు కాస్త దించండి. వెనక బ్రేకు సగం పట్టి, దానికి ఎదురుగా పెడలు తొక్కుతూ ఉండండి. హ్యాండిల్ కుడికీ ఎడమకీ కొద్ది కొద్దిగా తిప్పుతూ, చూపు చక్రం మీద కాకుండా పది అడుగుల ముందు నిలపండి. ముందు బ్రేకు ముట్టుకున్నవాళ్ళు మొదటే పడిపోతారు. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ చుట్టుపక్కల రోజుల్లో మీ ఊళ్ళో ర్యాలీలేమైనా ఉన్నాయేమో కనుక్కోండి.

దూరం తొక్కాలనిపిస్తే బీఆర్‌ఎంలు ఉన్నాయి, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు. ఇవి రేసులు కావు, ఎవరు ముందొచ్చారన్న ప్రశ్నే ఉండదు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తి చేయాలి. దారిలో కంట్రోల్ పాయింట్లుంటాయి, ప్రతిచోటా కార్డు మీద ముద్ర పడాలి. రాత్రి తొక్కేవాళ్ళకి ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. గంటకి 15 కిలోమీటర్లంటే తేలికే అనిపిస్తుంది. తిండికీ పంచర్లకీ ఆగిన సమయం కూడా ఆ లెక్కలోనే పోతుందని మర్చిపోకండి. మొదటి 200 మే నెలలో పెట్టుకోవద్దు. వేసవంతా పొద్దుటి రైడ్లు తొక్కి, చలి మొదలయ్యాక పేరు ఇవ్వండి.

ఇంటికొచ్చాక

సముద్రం వైపు వెళ్ళొచ్చిన రోజు సైకిల్ని అలాగే గోడకి ఆనించి పడుకుంటే ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతుంది. ముందు మీరు నీళ్ళు తాగి, ఉల్లిపాయ నంచుకుని చద్దన్నం తినండి. ఆ తర్వాత బకెట్టు నీళ్ళతో సైకిల్ కడిగి, పాత గుడ్డతో చైను తుడవండి. ఆరాక లింకుకో చుక్క చొప్పున నూనె వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనె తుడిచేయండి. చైను మీద నూనె మెరుస్తూ ఉంటే గోపాల్‌పూర్ ఇసుకంతా దానికే అంటుకుంటుంది. కొబ్బరినూనె మాత్రం వేయకండి. మా ఇంట్లో ఒకసారి అదీ జరిగింది, వారం తిరిగేసరికి చైను జిడ్డు ముద్దయి కూర్చుంది.