ఇంకొకరి కంప్యూటర్‌లోనూ అదే లెక్క రావాలంటే

అనంతపురం జిల్లాలో వేరుశనగ విత్తేది జూన్, జూలై నెలల పదునును బట్టే కాబట్టి, ఈ ప్రాంతపు విద్యార్థి డేటా సైన్స్ నేర్చుకుంటూ తొలి ఉదాహరణగా వర్షపాతాన్ని ఎంచుకోవడం సహజం. ఆ లెక్కను తన ల్యాప్‌టాప్‌లో ఒకసారి రాబట్టడం పెద్ద కష్టమేమీ కాదు. అదే ఫైలును, అదే కోడును కదిరిలోనో ప్రొద్దుటూరులోనో కూర్చున్న మరొకరు నడిపినప్పుడు చివరి అంకె వరకు అదే ఫలితం వచ్చేలా రాసిపెట్టడమే కష్టం. ఆ పని ఎలా చేయాలో ఒక వాన లెక్కను పట్టుకుని వివరిస్తాను.

ముందుగా ప్రశ్నను ఒక్క వాక్యంలోకి కుదించుకోవాలి. ‘అనంతపురం వర్షపాత విశ్లేషణ’ అనేది శీర్షిక అవుతుంది గాని ప్రశ్న కాదు. ‘ఈ మండలంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన రోజులు ఎన్ని?’ అని అడిగితే దానికి ఒక అంకె జవాబుగా వస్తుంది. అందులోనూ వాన రోజు అంటే ఏమిటో రాయాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిస్తేనే అది వాన రోజు. ఆ 24 గంటలు అర్ధరాత్రితో ముగియవు; కొలత ఉదయం 8.30కి తీస్తారు కాబట్టి, జూన్ 4వ తేదీ ఎదుట ఉన్న అంకెలో 3వ తేదీ సాయంత్రం పడిన వాన కూడా ఉంటుంది. ఖాళీగా ఉన్న గడికి, సున్నా ఉన్న గడికి తేడా ఏమిటో కూడా చెప్పాలి: సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే కొలత నమోదు కాలేదని. ఖాళీలన్నిటినీ సున్నాలతో నింపితే కోడు హాయిగా నడుస్తుంది, కరవు మాత్రం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

తర్వాత ఫోల్డరు. దించుకున్న మూల ఫైలును ఒక చోట ఉంచి, దాన్ని ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకున్నారో పక్కనే ఒక చిన్న ఫైలులో రాసి, ఇక దానిని ముట్టుకోకూడదు. ‘ఒకసారి చూద్దాం’ అని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినా తేదీల రూపం మారిపోయే ప్రమాదం ఉంది. దిద్దుబాట్లన్నీ కోడులోనే జరగాలి, ఫలితాలు వేరే ఫోల్డరులోకి వెళ్లాలి.

ఇప్పుడు నేను బోర్లాపడిన చోటుకు వస్తాను. నా ఫైలులో తేదీలు మన అలవాటు ప్రకారం రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉండేవి. నేను వాడిన పాత పాండాస్ (పైథాన్ భాషలో పట్టికల లెక్కలకు వాడే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు) ఒక్కో తేదీని విడివిడిగా ఊహించేది. 13/06 అని ఉంటే పదమూడో నెల ఉండదు కాబట్టి దాన్ని జూన్ 13గా సరిగ్గానే చదివేది. 03/06ను మాత్రం అమెరికా పద్ధతిలో మార్చి 6గా చదివేది. ఈ లెక్కన ప్రతి నెలలో మొదటి 12 రోజుల్లో రోజు, నెల ఒకటే అయిన ఒక్క తేదీ తప్ప మిగిలిన 11 చెదిరిపోతాయి, అంటే ఏడాదికి 132 తేదీలు. ఏ వానా ఫైలులో నుంచి పోలేదు కాబట్టి ఏడాది మొత్తం మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయింది, నేనూ సంతృప్తి పడ్డాను. నెలవారీ గ్రాఫు చూసిన మా పెదనాన్న, ‘ఫిబ్రవరిలో ఇంత వాన యాడ పడిందిరా, మనకు తెలీకుండా?’ అని అడిగేదాకా తప్పు బయటపడలేదు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0 నుంచి ఈ తీరు మారింది. అది మొదటి తేదీని బట్టి రూపాన్ని నిర్ణయించుకుని, తర్వాతి తేదీ అందులో ఇమడకపోతే తప్పు చూపి ఆగిపోతుంది. కాబట్టి అదే కోడు ఒకరి దగ్గర నోరు మూసుకుని తప్పు లెక్క ఇస్తుంది, మరొకరి దగ్గర అసలు నడవదు. దీనికి విరుగుడు రెండు విధాలు: తేదీ రూపాన్ని ఊహకు వదలకుండా కోడులో స్పష్టంగా రాయడం, పైథాన్‌తో సహా వాడిన ప్రతి లైబ్రరీ వెర్షన్‌నూ ఖచ్చితమైన అంకెతో ఒక ఫైలులో నమోదు చేయడం. ‘తాజా వెర్షన్ వేసుకోండి’ అన్న సలహా రెండేళ్లకే అబద్ధమవుతుంది. ప్రాజెక్టుకు ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలను మాత్రమే విడిగా ఉంచే చోటు) పెట్టుకుంటే పాతది, కొత్తది కలగాపులగం కావు.

మన జిల్లాల లెక్కలో ఇంకో చిక్కు ఉంది. 63 మండలాలతో ఉండిన అనంతపురం జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. జిల్లా పేరుతో వరుసలు కలిపేవారికి ఆ ఏడాది నుంచి వేరుశనగ విస్తీర్ణం హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తుంది, దానికి రకరకాల కారణాలూ దొరుకుతాయి. అందుకే లెక్కను మండలం స్థాయిలో ఉంచి, ఏ మండలం ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టికను వేరే ఫైలుగా జతచేయాలి. పేర్ల స్పెల్లింగులకూ అలాంటి పట్టికే కావాలి. ఇంగ్లిష్ ఫైళ్లలో అనంతపురం హెచ్ అక్షరంతోనూ, అది లేకుండానూ, చివర ‘ము’ చేర్చీ కనిపిస్తుంది. కడప పాత కాగితాల్లో సీ అక్షరంతో మొదలవుతుంది, 2010 నుంచి 2025 దాకా వచ్చిన వాటిలో వైఎస్ఆర్ జిల్లాగా ఉంటుంది. ఈ దిద్దుబాట్లను కోడు మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి ఇరికిస్తే ఆరు నెలల తర్వాత రాసినవారికే అర్థం కావు.

నమూనాను యాదృచ్ఛికంగా ఎంచే చోట రాండమ్ సీడ్ ఇవ్వాలి, అంటే ప్రతిసారీ అదే నమూనా వచ్చేలా ఒక అంకెను ముందే నిర్ణయించాలి. ఫోల్డరులోని ఫైళ్లను వరుసగా చదివేటప్పుడు పేర్లను ముందు సార్ట్ చేయాలి, ఎందుకంటే ఆ వరుస అన్ని కంప్యూటర్లలో ఒకటిగా ఉండదు.

కోడును గడులుగా విడదీసి రాసే జూపిటర్ నోట్‌బుక్ వాడేవారు ఆ గడులను పైకీ కిందికీ తిరుగుతూ నడుపుతారు. ఎప్పుడో చెరిపేసిన గడిలోని విలువ మెమరీలో మిగిలి ఉండి, లెక్క సరిగ్గా వస్తున్నట్టు మభ్యపెడుతుంది. పూర్తయిందనుకున్న ప్రతిసారీ కెర్నల్‌ను (వెనుక కోడును నడుపుతూ విలువలను గుర్తుంచుకునే భాగాన్ని) రీస్టార్ట్ చేసి, మొదటి గడి నుంచి చివరి దాకా నడపాలి. ఇంకా, తెలిసిన ఒక జవాబును కోడులోనే తనిఖీగా పెట్టాలి: మూల ఫైలులోని ఒక నెల వానను కాగితం మీద కూడి, కోడు ఇచ్చిన మొత్తం దానితో కలవకపోతే అక్కడే ఆగిపోయేలా రాయాలి. ఏడాది మొత్తంతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను.

చివరి పరీక్ష మరొకరి కంప్యూటర్ మీద జరగాలి. ఫోల్డరును జిప్ చేసి స్నేహితుడికి ఇచ్చి, పక్కన కూర్చున్నా నోరు మెదపకుండా చూడాలి. సీ డ్రైవ్‌లోని మీ సొంత ఫోల్డరు దారి కోడులో ఉండిపోతే మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. అతను అడిగే ప్రతి ప్రశ్ననూ రాసుకుని, జవాబు నోటితో చెప్పకుండా, ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైలులో చేర్చి, మళ్లీ మొదటి నుంచి నడపమనాలి.