వరంగల్ నుంచి చెన్నై వెళ్లి తమిళంలో నటించాలంటే ఏం చేయాలి

మాది వరంగల్ కొత్తవాడ. బాపు, అంటే మా నాన్న, మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. నేను ఇరవై రెండేళ్లప్పుడు చెన్నై వెళ్లాను. తొమ్మిదేళ్లుగా తమిళ సీరియళ్లలో, చిన్న సినిమాల్లో నటిస్తున్నాను. బతుకమ్మకు ఇంటికి వచ్చినప్పుడల్లా నటన మీద ఆశ ఉన్న పిల్లలు ఇంటికొచ్చి ఒకటే అడుగుతారు, "అక్కా, తమిళం రాకుండా ఎట్ల చేస్తున్నవ్?" అని. రాకుండా చేయడం లేదు. ముందు చెవితో నేర్చుకున్నాను, తర్వాత నోటికి వచ్చింది. ఎలా నేర్చుకున్నానో పూర్తిగా చెప్తాను.

మన దగ్గరి నుంచి వేరే భాషలోకి వెళ్లడం కొత్త విషయం కాదు. కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి మూకీల్లో, అంటే మాటలు లేని సినిమాల్లో మొదలుపెట్టారు. సినిమాకు మాటలు వచ్చాక కూడా హిందీలో హీరోగా నిలబడ్డారు. 1980కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకే వచ్చింది. మన వరంగల్ అమ్మాయి ఆనందిని తమిళులు ఇప్పటికీ కయల్ ఆనంది అంటారు. 2014లో అక్కడ ఆమె వేసిన పాత్ర పేరు అలా ఇంటిపేరై కూర్చుంది.

మొదటి పని, టికెట్ కొనకముందే కనీసం మూడు నెలలు వినండి. పాటలు వద్దు, పాటలో మాట సాగిపోతుంది. ఇంట్లో మనుషులు మాట్లాడుకునే సీను ఒక్కటి, రెండు నిమిషాలది తీసుకోండి. బొమ్మ చూడకుండా ఇరవై సార్లు వినండి. అర్థం వెతకొద్దు. గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారు, అది పట్టుకోండి. ఈ పద్ధతి నాకు హన్మకొండలో మిమిక్రీ చేసే ఒక పెద్దాయన చెప్పారు. మనది మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు. పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీదున్న కళాప్రాంగణంలో ప్రోగ్రామ్ అయ్యాక ఆ పెద్దాయనను అడిగాను, ఇంకొకరి గొంతు ఎట్లా వస్తుందని. "ముందు నీ నోరు మూసుకో బిడ్డా, వారం రోజులు చెవి తెరిచిపెట్టు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది.

తర్వాత డైలాగును తెలుగు లిపిలో రాసుకోండి. తమిళ లిపి నేర్చుకుంటే మంచిదే, కానీ మొదట్లో దాని మీద ఆధారపడొద్దు. అందులో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, త, ద కూడా అంతే. ఎక్కడ ఏది పలకాలో అలవాటున్నవాళ్లకే తెలుస్తుంది. మన లిపిలో ఏది వింటే అది రాసుకోవచ్చు. మనకు లేనిది తమిళం అనే మాట చివర వాళ్లు పలికే ఆ ళ ఒక్కటే. నేను ళ రాసి దానికి సున్నా చుడతాను. నాలుక వెనక్కి మడవాలి, పైన తగలకూడదు. ఇది చాలా అవసరం. మలై అని మామూలు ల పలికితే కొండ. ఆ ప్రత్యేకమైన ళ పలికితే వాన. నేను మొదటి సీరియల్లో "వాన వస్తోంది, లోపలికి రా" అనాల్సిన చోట కొండను తెచ్చి పెట్టాను. యూనిట్ అంతా ఆగింది. ఆ రాత్రి హాస్టల్ బాత్రూమ్‌లో అద్దం ముందు రెండు గంటలు ఆ ఒక్క అక్షరమే పలికాను.

మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. తెలుగు మాటలు అచ్చుతో ఆగుతాయి కాబట్టి మన నోరు ప్రతి మాట చివరా ఒక ఉకారం తగిలిస్తుంది. నేను అనడానికి నాన్ అనాల్సింది నాను అవుతుంది. అది విన్నవెంటనే తెలుగువాళ్లని కనిపెడతారు. అలాగే భ, ధ, ఘ లాంటి ఒత్తు అక్షరాలను గట్టిగా పలకొద్దు, తమిళంలో అవి లేవు. పుస్తకంలో ఉన్న తమిళం బట్టీ పట్టొద్దు. ఏం చేస్తున్నారు అనడానికి పుస్తకంలో ఒక తీరు, నోట్లో "ఎన్న పణ్ణురీంగ". కెమెరా ముందు రెండోదే కావాలి.

ఒకేలా వినిపించి అర్థం మారిపోయే మాటలకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి. నాది ఇప్పటికి మూడో పుస్తకం. మొదటి పేజీలో ఉన్న మాట "అవసరం". తమిళంలో దానికి అర్థం తొందర. నా మొదటి షూటింగ్ రోజు అసిస్టెంట్ డైరెక్టర్ తలుపు దగ్గర నిలబడి "అవసరమా వాంగ" అని కేక వేశాడు. త్వరగా రండి అని. నేను అవసరమా అని అడుగుతున్నాడనుకుని, నా సీను లేదేమోనని కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత డైరెక్టర్ పిలిచి, పొగరా అని అడిగారు. ఏడుపు ఆపుకుని విషయం చెప్పాను. మన ఇల్లులా వినిపించే ఇల్ల అంటే లేదు, పన్నులా వినిపించే పణ్ణు అంటే చేయడం. ఇట్లాంటివి రోజుకు మూడు రాసుకున్నా చాలు.

ఆడిషన్ వీడియో ఇంట్లోనే తీసుకోవచ్చు, స్టూడియోకు డబ్బు పెట్టొద్దు. ఫోన్ అడ్డంగా పెట్టండి. ఛాతీ దగ్గరి నుంచి తల దాకా కనిపించాలి. వెనక ఖాళీ గోడ, ముందు కిటికీ వెలుతురు. ఫ్యాన్ ఆపేయండి. మా ఇంట్లో మగ్గం చప్పుడుకు ఏదీ వినిపించేది కాదు, బాపు అన్నానికి లేచే అరగంటలోనే నేను తీసుకునేదాన్ని. లెన్స్‌లోకి చూడొద్దు, ఎదుటి డైలాగు చెప్పే మనిషిని ఫోన్ పక్కనే కూర్చోబెట్టి వాళ్లను చూడండి. మొదట్లో పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, కుడి ఎడమలకు తిరిగి చూపించండి. ఫిల్టర్ వాడొద్దు. భాష రాకపోతే వచ్చని చెప్పొద్దు. "నేర్చుకుంటున్నాను, ఈ సీను చేయగలను" అని తమిళంలోనే చెప్పండి.

ఇక డబ్బు సంగతి. ఆడిషన్‌కు డబ్బు అడిగినవాళ్లు మోసగాళ్లే, ఇందులో మినహాయింపు లేదు. రిజిస్ట్రేషన్ అన్నా, ఐడీ కార్డు అన్నా, పోర్ట్‌ఫోలియో ఫోటోలు మా దగ్గరే తీయించుకోవాలి అన్నా అంతే. నేను ఇంకా వరంగల్‌లో ఉండగానే ఒక కోఆర్డినేటర్ 35 వేలు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. అది బాపు రెండేళ్లు దాచిన డబ్బు. ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ అది నాకు నొప్పి. నటుడికి వాళ్లు డబ్బు ఇవ్వాలి. నటుడు వాళ్లకు ఇవ్వడం ఉండదు.

రాత్రి వరంగల్‌లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. ఉండడానికి వడపళని, సాలిగ్రామం వైపు చూసుకోండి. పని చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఆటో ఖర్చు తగ్గుతుంది. అద్దె ఇంటికి నెలల కొద్దీ అడ్వాన్స్ అడుగుతారు కాబట్టి మొదటి ఏడాది హాస్టల్ మేలు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటేనే వెళ్లండి. అమ్మాయిలు ఆడిషన్‌కు హోటల్ గదికి రమ్మంటే వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి లొకేషన్ పంపండి. నేను ఇప్పటికీ పంపుతాను.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. చట్టం ప్రకారం నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పిల్లవాడితో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, 3 గంటలకు మించి విశ్రాంతి లేకుండా ఉంచకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లవాడి పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. నిద్ర కళ్లతో సెట్‌లో కూర్చున్న పసివాళ్లను చూసి చెప్తున్నాను.

సెట్‌లో మీ చేతికి సీన్ పేపర్ పొద్దున్నే వస్తుంది. సీరియల్ అయితే ఒక్క రోజులోనే చాలా సీన్లు ఉంటాయి. అసిస్టెంట్ డైరెక్టర్ పక్క నుంచి డైలాగు అందిస్తాడు. ప్రాంప్టింగ్ అంటారు. దాని మీదే బతికితే కళ్లు ఎదుటి మనిషి మీద ఉండవు, చెవి పక్కకు పోతుంది, అది తెరమీద కనిపిస్తుంది. మేకప్ వేస్తుండగా మేకప్ అక్కనో, డ్రైవర్ అన్ననో డైలాగు ఒకసారి మామూలుగా చెప్పమని అడగండి. వాళ్ల తమిళం బతికున్న తమిళం. నాకు నిజమైన గురువులు వాళ్లే. నోరు తిరగని మాట వస్తే అంకెలు లెక్కపెట్టి పెదాలు ఆడించేవాళ్లు ఉన్నారు, తర్వాత ఎవరో డబ్బింగ్ చెప్తారులే అని. దయచేసి అలా చేయొద్దు. ఎదుట నటించేవాళ్లకు అది అవమానం. మాట మరిచిపోతే కట్ అడగండి.

వీలైనంత త్వరగా మీ గొంతుకు మీరే డబ్బింగ్ చెప్పే స్థాయికి రండి. ప, బ, మ దగ్గర పెదాలు కలుస్తాయి. తెరమీద పెదాలు కలిసిన చోట మీ మాటలో ఆ అక్షరం పడితే మిగతా చిన్న తేడాలు సర్దుకుంటాయి. నాకు ఈ అవకాశం రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ రోజు దాకా నా ముఖం నాది, గొంతు ఇంకెవరిదో. తెర మీద నన్ను నేను చూసుకుంటే పరాయి మనిషిలా ఉండేది. పేమెంట్‌లో టీడీఎస్, అంటే ముందుగానే ఆదాయపు పన్ను కోస్తారు. పాన్ కార్డు ఇవ్వండి, ఏటా రిటర్న్ వేయండి, తిరిగి రావాల్సింది వస్తుంది.

చివరిగా, క్యూ ఇచ్చే మనిషిని ఒకరిని ఖాయం చేసుకోండి. ఎదుటి పాత్ర డైలాగు చదివితేనే మీ డైలాగు నోటికి ఎక్కుతుంది. నాకు ఆ మనిషి బాపు. నా సీన్ పేపర్‌ను తెలుగు లిపిలో రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాను. రాత్రి తొమ్మిదికి మగ్గం ఆపి, కళ్లజోడు పెట్టుకుని, తమిళ అత్తగారి డైలాగులు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాడు. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు ఆయనకు. మొన్న నేను ఫోన్ ఆలస్యంగా చేస్తే, "అవసరమా చెయ్యి బిడ్డా, నాకు నిద్రొస్తంది" అన్నాడు.