ఇంటి థియేటర్ పాఠాలు – 4: లోపలికి ఎన్ని ఛానెళ్లు వచ్చాయి?

పోయిన పాఠం చివర ఒక మాట రాశాను: ఫోన్ నుంచి రిసీవర్‌కు (పాట అందుకుని స్పీకర్లన్నిటికీ పంచే యంత్రం) ఒక పాట పంపి, ఐదు స్పీకర్లూ మోగుతున్నాయో లేదో చూడండి అని. చాలామంది చూశారు. "అన్నీ మోగుతున్నాయి, మా రిసీవర్‌లో మల్టీఛానెల్ స్ట్రీమింగ్ పనిచేస్తోంది" అని రాశారు. ఆ సంతోషం చూశాక నాకు టెన్షన్ మొదలైంది. మీరు విన్నది స్టీరియో పాట, అంటే ఎడమకొకటి, కుడికొకటి రెండే ఛానెళ్లు (వేర్వేరు శబ్దపు పాయలు) ఉన్నది. మల్టీఛానెల్ అంటే అంతకంటే ఎక్కువ ఉండాలి. స్పీకర్ల వైర్లు సరిగ్గా ఉన్నాయని తేల్చుకోవడానికి ఆ పరీక్ష పెట్టాను కానీ, ఆ సంగతి అక్కడ చెప్పలేదు. తప్పు నాదే. అందుకే సరౌండ్ స్పీకర్ల ఎత్తు, కోణం గురించిన పాఠం వచ్చేసారికి జరిపాను. ఇది తేలకుండా అది చెప్పినా ఉపయోగం లేదు.

రిసీవర్ లోపలికి వచ్చేది వేరు, బయటికి పంచేది వేరు. పాటలో రెండే ఛానెళ్లు ఉన్నా 'డాల్బీ సరౌండ్' అనే మోడ్ వాటిలోంచి మిగతా స్పీకర్లకు శబ్దం తయారు చేస్తుంది. 'మల్టీ ఛానెల్ స్టీరియో' అయితే అదే శబ్దాన్ని అన్నిటికీ పంచేస్తుంది. ఒక్క పప్పునే ఐదు విస్తళ్లలో వడ్డించినట్టు. అన్ని విస్తళ్లూ నిండుగానే కనిపిస్తాయి, వండింది మాత్రం ఒక్కటే. అలా వినడం తప్పేమీ కాదు. పాత పాటలు నేనూ డాల్బీ సరౌండ్‌లో వింటాను. కానీ అది మల్టీఛానెల్ పాట కాదు.

తేడా కనిపెట్టడానికి నా దగ్గరిదారి ఒకటుంది. పాట నడుస్తుండగా రిమోట్‌లో 'డైరెక్ట్' మోడ్ నొక్కండి. యమహాలో దాని పేరు 'స్ట్రెయిట్'. అప్పుడు రిసీవర్ తన సొంత కల్పన ఆపేసి, వచ్చింది వచ్చినట్టే ఇస్తుంది. ముందున్న రెండు స్పీకర్లు మాత్రమే మిగిలితే (లోతైన శబ్దాలిచ్చే సబ్ వూఫర్ మోగితే మోగనివ్వండి) మీకు వచ్చింది స్టీరియో. సెంటర్, వెనక స్పీకర్లు కూడా పలుకుతుంటే మల్టీఛానెల్ వచ్చినట్టు. ఇన్ఫో బటన్ నొక్కితే వచ్చిన సిగ్నల్ వివరం తెర మీద కనిపిస్తుంది, అదీ చూడండి. అయితే రిసీవర్‌కు పాట పంపే కొన్ని పెట్టెలు స్టీరియో పాటకే ఖాళీ ఛానెళ్లు తగిలించి పంపుతాయి. తెర మీద ఆరు ఛానెళ్లు చూపిస్తుంది, నాలుగింటిలో ఏమీ ఉండదు. కాబట్టి నేను చెవినే నమ్ముతాను.

ఇక ఫోన్ సంగతి. బ్లూటూత్‌లో పంపినా, ఎయిర్‌ప్లేలో పంపినా రిసీవర్‌కు చేరేవి రెండు ఛానెళ్లే. స్పాటిఫై కనెక్ట్ కూడా అంతే. "రిసీవర్ డబ్బా మీద అట్మాస్ అని ఉంది, వై-ఫై అని ఉంది, రెండూ ఉన్నాక వై-ఫైలో అట్మాస్ రాదా?" అని అడిగారు. అట్మాస్ అంటే చుట్టూ, పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ వారి మల్టీఛానెల్ పద్ధతి. రెండు ముద్రలూ నిజమే, కానీ దేనికదే. అట్మాస్ ముద్రకు అర్థం, హెచ్‌డీఎంఐ దారిలో అట్మాస్ వస్తే విప్పగలదని. వై-ఫై ముద్రకు అర్థం, నెట్‌వర్క్‌లో పాటలు అందుకోగలదని. మొదటిది రెండో దారిలోనూ పనిచేస్తుందని ఎక్కడా రాయలేదు. అమ్మేవాళ్లు ఈ రెండూ కలిపి ఒకే ఊపిరిలో చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే డబ్బులు పోగొట్టుకునేది కొన్నవాళ్లు.

మరి పనిచేసే దారి? ఒక స్ట్రీమింగ్ పెట్టెను హెచ్‌డీఎంఐ తీగతో నేరుగా రిసీవర్‌కు కలపడం. మన దగ్గర సులువైనది యాపిల్ టీవీ 4కె. యాపిల్ మ్యూజిక్‌లో 2021 జూన్ నుంచి డాల్బీ అట్మాస్ పాటలున్నాయి, తెలుగు సినిమా పాటలూ ఉన్నాయి. ఫోన్ పక్కన పెట్టి, ఆ పెట్టెలోని మ్యూజిక్ యాప్‌నే తెరవండి. ఆల్బమ్ పేరు దగ్గర డాల్బీ గుర్తు ఉండాలి. అయినా అట్మాస్ రాకపోతే సెట్టింగ్స్‌లో వీడియో అండ్ ఆడియో, అందులో ఆడియో ఫార్మాట్ చూడండి. 'చేంజ్ ఫార్మాట్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే అట్మాస్ పోయి, మామూలు డాల్బీ డిజిటల్ 5.1 (ఐదు స్పీకర్లకు, ఒక సబ్ వూఫర్‌కు కలిపి ఆరు ఛానెళ్లు) గానీ స్టీరియో గానీ మిగులుతుంది. ఆ తర్వాత మ్యూజిక్ యాప్ సెట్టింగ్స్‌లో డాల్బీ అట్మాస్‌ను 'ఆటోమేటిక్'లో పెట్టండి.

పెట్టెను టీవీకి కలిపి, అక్కడి నుంచి రిసీవర్‌కు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ పెట్టె అట్మాస్‌ను కుదించని పీసీఎం రూపంలో పంపుతుంది, టీవీలో పాత ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలో రిసీవర్‌కు తిరిగి పంపే పద్ధతి) మాత్రమే ఉంటే అది దాటదు. దాని కొత్త రూపం ఈఆర్క్ కావాలి. ఆప్టికల్ తీగ వాడేవాళ్లకు ఒక మాట చెబుతాను. ఆప్టికల్‌లో కుదించని శబ్దం రెండు ఛానెళ్లకు మించి వెళ్లదు. కుదించిన డాల్బీ డిజిటల్ 5.1, డీటీఎస్ వెళ్తాయి. అట్మాస్ వెళ్లదు.

5.1 ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా కుదించిన పాటలు) కొనుక్కున్నవాళ్లు వాటిని పెన్ డ్రైవ్‌లో వేసి రిసీవర్‌కే గుచ్చుతున్నారు. ఎక్కువ రిసీవర్లు వాటిని అసలు తీసుకోవు, లేదంటే స్టీరియోగా ఇస్తాయి. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కోడి అనే ప్లేయర్ యాప్ వేసి హెచ్‌డీఎంఐతో పంపితే ఆరు ఛానెళ్లూ వస్తాయి.

ఈ వారం అభ్యాసానికి ఒక సాయంత్రం పూర్తిగా కావాలి. మీ ఇంట్లో పాట రిసీవర్‌కు చేరే దారులన్నీ కాగితం మీద రాయండి. ఒక్కో దారిలో మూడేసి పాటలు డైరెక్ట్ మోడ్‌లో పెట్టి, ఏ స్పీకర్లు పలికాయో రాయండి. తర్వాత అట్మాస్‌లో దొరికే ఒక పాట తీసుకుని, ఒక్కో స్పీకర్ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా వినండి. సెంటర్‌లో గొంతు ఎంత ఉంది, వెనక కోరస్ ఉందా, వయొలిన్లు ఎటు వెళ్లాయి, అన్నీ రాయండి. చివరగా అదే పాట స్టీరియోలో పెట్టి పోల్చండి. అట్మాస్ మిక్సుల సగటు శబ్దం -18 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దాటకూడదని నియమం ఉంది కాబట్టి, స్టీరియో కంటే మెల్లగా వినిపిస్తాయి. వాల్యూమ్ పెంచి రెండూ సమానం చేశాకే ఏది బాగుందో నాకు రాయండి.